చేతక్ నమూనా హెలికాప్టర్: బాడీ కట్టడం నుంచి చివరి పూత దాకా

రేడియో కంట్రోల్ హెలికాప్టర్‌కు చేతక్ రూపం తొడగాలనుకునే వారికి కొన్ని అనుకూలతలు, రెండు పెద్ద ఇబ్బందులు ఎదురవుతాయి. ఫ్రాన్సులో పుట్టిన అలూయెట్ 3ను లైసెన్సు మీద బెంగళూరులో హెచ్.ఏ.ఎల్. (హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్) తయారుచేయగా అది మనకు చేతక్ అయింది. ఫ్రెంచి సంప్రదాయం ప్రకారం దాని ప్రధాన రోటర్ పైనుంచి చూసినప్పుడు గడియారపు ముల్లు తిరిగే దిశలోనే తిరుగుతుంది. బజారులో దొరికే నమూనా హెలికాప్టర్ యంత్రాలలో ఎక్కువ భాగం కూడా ఆ దిశలోనే తిరుగుతాయి కనుక యంత్రం, అంటే మోటారు, గేర్లు, రోటర్లు కలిసిన లోపలి భాగం, తిరిగే దిశను మార్చవలసిన పని ఉండదు. తోక చివర పైకి లేచిన పైలాన్ లేదు కాబట్టి తోక రోటర్‌కు శక్తిని అందించే గొట్టాన్ని మధ్యలో వంచనక్కర లేదు. ఇక ఇబ్బందుల విషయానికి వస్తే, ముక్కు మొత్తం అద్దమే కావడం వల్ల బ్యాటరీని దాచే చోటు లేదు, ఇంజిన్ మూత లేకుండా మాస్ట్ (ప్రధాన రోటర్ నిలువు ఇరుసు) వెనుక బయటికే కనిపిస్తుంది కనుక దాని నకలు బరువు సరిగ్గా ఉండకూడని చోట పడుతుంది. కింది పని క్రమమంతా ఈ రెండు ఇబ్బందుల చుట్టూ అల్లుకున్నదే.

ముందుగా కొలతలు తేల్చుకోండి. అసలు చేతక్ రోటర్ వ్యాసం 11.02 మీటర్లు, బాడీ పొడవు 10.03 మీటర్లు, ఎత్తు సుమారు 3 మీటర్లు. 1/8 నిష్పత్తిలో ఇవి వరుసగా 1378, 1254, 375 మిల్లీమీటర్లు అవుతాయి. 600 తరగతి యంత్రానికి 600 మిల్లీమీటర్ల బ్లేడ్లు వేస్తే రోటర్ వ్యాసం 1350 దాకా వస్తుంది, మూడు బ్లేడ్లను కలిపి పట్టుకునే హబ్ కాస్త వెడల్పయినదైతే తేడా ఇంకా తగ్గుతుంది. తోక రోటర్ అసలు వ్యాసం 1.91 మీటర్లు కాబట్టి 1/8లో 239 మిల్లీమీటర్లు కావాలి, 600 తరగతి తోక బ్లేడ్లు దాదాపు అంతే ఉంటాయి. మాస్ట్ నుంచి తోక రోటర్ ఇరుసు వరకు ఉండవలసిన దూరం కూడా సుమారు 800 మిల్లీమీటర్లే. ఇన్ని కొలతలు ఒక్కచోట కలిసిరావడం స్కేల్ హెలికాప్టర్లలో అరుదు, నేను చేతక్‌ను సిఫారసు చేయడానికి మొదటి కారణం ఇదే. బరువు కూడా లెక్కకు వస్తుంది. అసలు హెలికాప్టర్ గరిష్ఠ బరువు 2200 కిలోలు, దాన్ని 8 ఘనంతో, అంటే 512తో భాగిస్తే 4.3 కిలోలు వస్తుంది. ఆరు సెల్లుల 5000 ఎం.ఏ.హెచ్. బ్యాటరీతో కలిపి యంత్రం మాత్రమే 3.2 కిలోల వరకు తూగుతుంది కనుక బాడీకి, ల్యాండింగ్ గేరుకు, రంగుకు కలిపి 1.3 కిలోలు మించకుండా పెట్టుకుంటే మొత్తం 4.5 కిలోల దగ్గర ఆగుతుంది. ఈ 1.3 అనే అంకెను పనిబల్ల ఎదుట గోడ మీద రాసి పెట్టుకోండి.

నాలుగు వైపుల గీతచిత్రం ఒక్కటే చాలదు, ఫోటోలు కావాలి. గోవాలో బొగ్మాలో దగ్గరి నౌకాదళ విమానయాన మ్యూజియంలో చేతక్‌ను దగ్గరగా చూడవచ్చు. విశాఖపట్నం ఆర్.కె. బీచ్‌లో నౌకాదళ దినోత్సవ విన్యాసాలు జరిగినప్పుడు గాలిలో ఉన్నదాన్ని ఫోటో తీయవచ్చు. చేతక్ సేవలకు అరవై ఏళ్లు నిండిన సందర్భంగా 2022 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ దగ్గరి హకీంపేట వైమానిక కేంద్రంలో జరిగిన ఉత్సవపు చిత్రాలు కూడా బహిరంగంగానే దొరుకుతాయి. సైనిక స్థావరాల ప్రహరీల బయట నిలబడి మాత్రం ఎన్నడూ కెమెరా ఎత్తకండి, అది నేరం. ఫోటోలు తీసేటప్పుడు అందమైన కోణాల కోసం కాక తలుపు పట్టీలు, ఇంజిన్ కింది పళ్లెం, తోక మీది రెక్కలు బాడీకి అతుక్కునే చోట్ల కోసం వెతకండి. ఒకే హెలికాప్టర్‌ను, ఒకే సీరియల్ నంబరును ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి, ఎందుకంటే చేతక్‌లలో యాంటెనాలు, ఏటవాలు కడ్డీలు, అదనపు దీపాలు ఒకదానికీ మరొకదానికీ తేడాగా ఉంటాయి.

కలపకు రంపం తగిలించే ముందు యంత్రాన్ని బాడీ లేకుండానే ఎగరేయండి. మూడు బ్లేడ్ల హబ్, తుది బ్యాటరీ, హెలికాప్టర్ తిరిగిపోకుండా నిలకడగా ఉంచే తుది గైరో అన్నీ అమర్చి, రోటర్ వేగాన్ని నిమిషానికి 1400 నుంచి 1500 చుట్ల మధ్యకు తగ్గించి కనీసం పది విడతలు ఎగరేస్తే కంపనాలు, గేర్ల చప్పుడు, సర్వోల (కంట్రోళ్లను కదిలించే చిన్న మోటార్ల) లోపాలు అప్పుడే బయటపడతాయి. బాడీ తొడిగాక కనిపెట్టే ప్రతి లోపానికీ మూడింతల శ్రమ పడుతుంది.

ఇప్పుడు అస్థిపంజరం. యంత్రం కూర్చునే తట్టుకు 3 మిల్లీమీటర్ల బిర్చ్ ప్లైవుడ్, అడ్డ చట్రాలకు 2 మిల్లీమీటర్ల తేలిక ప్లైవుడ్ వాడి, చట్రాల మధ్యభాగాన్ని వీలైనంత కోసేసి చుట్టూ 10 మిల్లీమీటర్ల అంచు మాత్రం మిగల్చండి. చట్రాలను ఒక సమతల బల్ల మీద పొడవాటి మధ్యగీత వెంట నిలబెట్టి, ప్రతిదానికీ మూలమట్టం పెట్టి చూశాకే అతికించండి. యంత్రపు తట్టును మాత్రం అప్పుడే అతికించకండి. ముందు యంత్రాన్ని తట్టుకు బిగించి, రోటర్ మాస్ట్ పైభాగం నుంచి తోక రోటర్ ఇరుసు వరకు ఒక దారం లాగి, ఆ దారం బల్ల మీది మధ్యగీతకు సరిగ్గా పైన ఉందో లేదో తూకపు గుండుతో సరిచూసి, మాస్ట్ ముందుకు వాలే కోణం మీ గీతచిత్రంలో ఎంత ఉందో అంతే వచ్చాక, అప్పుడు నిదానంగా గట్టిపడే ఎపాక్సీతో అతికించండి. అయిదు నిమిషాల్లో గట్టిపడే అరల్డైట్ ఇక్కడ పనికిరాదు, సరిదిద్దుకునే వ్యవధి ఇవ్వదు, వేడికి మెత్తబడుతుంది కూడా. ఈ ఒక్క అతుకు మీద ఒక సాయంత్రం మొత్తం గడిపినా వృథా కాదు.

యంత్రం లోపలికి ఏ దారిన వెళ్తుంది, ఏ దారిన బయటికి వస్తుంది అన్నది కూడా ఇప్పుడే తేలాలి. చాలా నమూనాల్లో ముందు సగభాగాన్ని ముందుకు లాగి తీస్తారు. చేతక్‌లో అద్దాల మధ్య ఆ అతుకు స్పష్టంగా కనిపిస్తుంది. ఇంజిన్ ఉండే పైతట్టు ఎలాగూ విడిగా కనిపించే భాగమే కనుక, దాన్ని నకలు ఇంజిన్‌తో సహా పైకి లేచే మూతగా చేసి, యంత్రాన్ని పైనుంచి దించే విధంగా చట్రాలను కోయడం మేలు. నాలుగు నియోడిమియం అయస్కాంతాలు, వెనుకవైపు ఒక నాలుక ఉంటే ఆ మూత కదలదు. బ్యాటరీని మాత్రం క్యాబిన్ నేల కింద, వీలైనంత ముందుకు, ముక్కు చక్రం పైన ఉండేలా ఒక సొరుగులో పెట్టండి.

తోక బూమ్ శంకువు ఆకారంలో సన్నబడుతుంది. దీనికి 0.8 మిల్లీమీటర్ల బిర్చ్ ప్లైవుడ్‌ను చుట్టడమే ఉత్తమం. ముందు డ్రాయింగు కాగితాన్ని చట్రాల చుట్టూ చుట్టి, అంచు గుర్తుపెట్టి, విప్పి చూస్తే విసనకర్ర ముక్కలాంటి ఆకారం వస్తుంది. దాన్నే ప్లైవుడ్ మీద గీసి, పై పొర నార బూమ్ పొడవునా ఉండేలా కోయండి, అడ్డంగా ఉంటే చుట్టేటప్పుడు పగులుతుంది. గోరువెచ్చని నీళ్లు చల్లి, రబ్బరు పట్టీలతో చట్రాల మీద బిగించి ఒక రాత్రి ఆరనిచ్చాక జిగురు పెట్టండి. క్యాబిన్ వెనుక గుండ్రటి భాగాలకు 2.5 మిల్లీమీటర్ల బాల్సా పట్టీలను, అంచులు ఏటవాలుగా చెక్కి, కుడివైపు ఒకటి పెడితే ఎడమవైపు ఒకటి చొప్పున అతికిస్తూ పోవాలి. ఒకవైపే పూర్తిచేస్తే జిగురు ఆరేకొద్దీ అస్థిపంజరం ఆ వైపుకు మెలిపడుతుంది.

బాల్సాను 240 నంబరు ఎమరీ పేపరును పొడవాటి చెక్కకు అతికించి నున్నగా రుద్దిన తర్వాత ఫైబర్‌గ్లాస్ పని మొదలవుతుంది. బాడీ బలమూ, బరువూ నిర్ణయమయ్యేది ఇక్కడే కాబట్టి ఈ భాగాన్ని విడమరచి చెబుతాను. చదరపు మీటరుకు 48 గ్రాముల గుడ్డను క్యాబిన్ భాగానికి రెండు పొరలు, 25 గ్రాముల గుడ్డను బూమ్‌కు ఒకే పొర వేయండి. గుడ్డ ఎంత బరువుందో అంతే బరువు రెజిన్ సరిపోతుంది, కనుక కోసిన గుడ్డను తూచి, అదే లెక్కకు రెజిన్, హార్డెనర్‌లను డిజిటల్ త్రాసు మీద కలపండి. గుడ్డను పొడిగానే పరిచి, మధ్య నుంచి అంచుల వైపు మెత్తటి కుంచెతో రెజిన్ పూసి, పాత ప్లాస్టిక్ కార్డుతో మిగులును లాగేయండి. ఆ మీదట టిష్యూ కాగితం చుట్టను తడి గుడ్డ మీద దొర్లిస్తే ఇంకా మిగిలినది కాగితానికి అంటుతుంది. చివరకు చేనేత పంచె మీద నేత కనిపించినట్టుగా గుడ్డ నేత పలచగా కనిపించాలి, అద్దంలా మెరుస్తోందంటే రెజిన్ ఎక్కువైనట్టే.

విశాఖ, కాకినాడ, నెల్లూరు వంటి తీరప్రాంతాల్లో పనిచేసేవారు ఒక విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు గట్టిపడుతున్న ఎపాక్సీ ఉపరితలం మీద జిడ్డుగా, మైనంలాంటి పొర తేలుతుంది. దాని మీదనే ఎమరీ పేపరు రుద్దితే ఆ జిడ్డు లోపలికి కూరుకుపోయి, మీద వేసిన ప్రైమరు కొన్ని వారాల తర్వాత పెచ్చులుగా లేస్తుంది. నా మొదటి బాడీ తోక మీద ఇలాగే జరిగి, పూసిన రంగంతా గీకేయవలసి వచ్చింది. ఆ పొర నీటిలో కరుగుతుంది కనుక రుద్దడానికి ముందు గోరువెచ్చని నీటితో, గరుకు స్పాంజితో బాడీ అంతా కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే ఎమరీ పేపరు పట్టండి. వానాకాలంలో అయితే మధ్యాహ్నపు ఎండ ఉన్న రోజు చూసుకుని గుడ్డ వేయడం మంచిది.

ముక్కు అద్దాలకు ఒక మిల్లీమీటరు మందం పెట్‌జి (పారదర్శక ప్లాస్టిక్) షీటు చాలు. అద్దపు ఆకారాన్ని ముందు గట్టి కలపలో చెక్కి, 1000 నంబరు వాటర్ పేపర్ దాకా నున్నచేయాలి. ఈ అచ్చు మీది ప్రతి గీతా అద్దం మీద దిగుతుంది. రంధ్రాలు చేసిన చెక్కపెట్టెకు వాక్యూమ్ క్లీనర్ గొట్టం కలిపి, అచ్చును దాని మీద ఉంచి, చట్రానికి బిగించిన షీటును ఓవెన్‌లో మెత్తబడి మధ్యలో కిందికి వేలాడేదాకా వేడిచేసి, ఒక్క ఊపున అచ్చు మీదికి దించండి. మొదటి రెండు షీట్లు పాడవుతాయనుకునే కొనండి. అతికించేటప్పుడు ఫెవిక్విక్ రకం జిగురు అద్దం దరిదాపుల్లోకి రానివ్వకండి, దాని ఆవిరి అద్దం మీద తెల్లటి మరకగా పేరుకుని మరి పోదు. ఆరాక పారదర్శకంగా మారే క్యానపీ జిగురు వాడి, రంగంతా పూర్తయిన తర్వాతే అద్దాలు అమర్చండి.

నకలు ఇంజిన్ దగ్గర మనసును అదుపులో పెట్టుకోవాలి. అసలు చేతక్‌ను నడిపే ఆర్టూస్ట్ 3బి టర్బైన్ గొట్టాలతో, తీగెలతో కళ్లకు విందు చేస్తుంది కనుక ప్రతి నట్టూ చేయాలనిపిస్తుంది. అయితే అది మాస్ట్ వెనుక ఉంది. తోక కొసన, మాస్ట్‌కు 800 మిల్లీమీటర్ల దూరంలో 20 గ్రాములు అదనంగా చేరితే, ముందు 200 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న బ్యాటరీ వైపు 80 గ్రాములు కలపాల్సి వస్తుంది. ఇంజిన్ అంత వెనక లేకపోయినా లెక్క అదే తీరులో నడుస్తుంది. అందువల్ల ప్రధాన గొట్టాన్ని పలచటి ప్లాస్టిక్ షీటు చుట్టి గాని, త్రీడీ ప్రింటర్‌లో ఒకే పొర గోడతో గాని చేసి, తీగెలకు దారాలు, బోల్టులకు ప్లాస్టిక్ కడ్డీ ముక్కలు వాడండి. లోహపు రంగు పూశాక దగ్గరి నుంచి చూసినా తేడా తెలియదు. మొత్తం ఇంజిన్ 60 గ్రాములు దాటకూడదన్నది నేను పెట్టుకున్న హద్దు. దాని పొగగొట్టాన్ని బోలుగా ఉంచితే లోపలి మోటారు వేడి బయటికి పోవడానికి ఒక దారి అవుతుంది. గాలి లోపలికి రావడానికి క్యాబిన్ అడుగున జాలీ ఉండాలి, బయటికి పోయే దారుల వైశాల్యం లోపలికి వచ్చే దారికంటే ఎక్కువగా ఉండాలి.

ఉపరితలం పని ఓపికకు పరీక్ష. గుంటలను కారు మెకానిక్కులు వాడే లప్పంతో పూడ్చడం తేలికే గాని దాని బరువు ఎక్కువ. ఎపాక్సీలో మైక్రోబెలూన్లు (అతి సన్నని బోలు గోళాల పొడి) కలిపి, వెన్న ముద్దలా చేసి వాడితే బరువు ఎంతో తగ్గుతుంది, రుద్దడమూ సులువే. ఈ పొడీ, గాజు ధూళీ ఊపిరితిత్తులకు చేటు కాబట్టి మాస్కు తప్పనిసరి. 240తో ఆకారం తెచ్చి, 320తో గీతలు తీసి, బూడిద రంగు ప్రైమరు పలచగా కొట్టి చూస్తే వేలికి తెలియని గుంటలు కంటికి కనిపిస్తాయి. పూడ్చండి, రుద్దండి, మళ్లీ కొట్టండి. మూడు సార్లు ఈ చక్రం తిరగనిదే బాడీ రంగుకు సిద్ధం కాదు. ప్రతిసారీ ప్రైమరులో చాలా భాగాన్ని రుద్ది తీసేయాలి, గుంటల్లో మిగిలినది మాత్రమే ఉండాలి.

ఆ తర్వాత రేకు అతుకులు. అసలు హెలికాప్టర్‌లో ఒక రేకు మరొకదాని మీద ఎక్కి ఉన్న చోట్ల, అంచు వెంట సన్నని మాస్కింగ్ టేపు అతికించి, ఎక్కి ఉన్న రేకు వైపున ప్రైమరు నాలుగైదు పొరలు కొట్టి, టేపు లాగేస్తే మెట్టులాంటి గీత మిగులుతుంది. 600 నంబరు వాటర్ పేపరుతో అంచును కాస్త మృదువు చేస్తే చాలు. రివెట్లకు తెల్ల ఫెవికాల్ చాలు. ఇంజెక్షన్ సూది కొసను చదునుగా కోసి, సిరంజిలో జిగురు నింపి, 1/8లో ముప్పావు మిల్లీమీటరు చుక్క వచ్చేలా ముందు గాజు పలక మీద అభ్యాసం చేయండి. వరుసలు వంకర పోకుండా అడ్డగీతలున్న టేపును పక్కన అతికించుకుని, రోజుకు ఒక రేకు చొప్పున పెట్టుకుంటూ పోవాలి. జిగురు చుక్క ఆరాక కుంచించుకుని పై భాగం చదునవుతుంది, అప్పుడది నిజమైన రివెట్ తలలా కనిపిస్తుంది. చుక్క తప్పు పడితే తడిగా ఉన్నప్పుడే తడిగుడ్డతో తుడిచేయవచ్చు.

రంగు విషయంలో కారు పెయింటింగ్ షెడ్డు వారి సాయం తీసుకోవడానికి సంకోచించకండి. రెండు భాగాలు కలిపే పీయూ (పాలీయూరిథేన్) రంగుల్లో ఐసోసయనేట్లు అనే హానికర రసాయనాలు ఉంటాయి. మామూలు ధూళి మాస్కు వాటిని ఆపలేదు. ఇంట్లో గదిలో ఆ రంగు కొట్టవద్దు. షెడ్డు వారికి ఒకే మాట గట్టిగా చెప్పండి: కారుకు వేసినట్టు మెరుపు కోసం మందంగా వేయవద్దని. రంగు, పైన మ్యాట్ క్లియర్ కలిపి 120 గ్రాములు దాటకుండా, వేయడానికి ముందూ తర్వాతా మీరే బాడీని తూచండి. అసలు రంగుకు నూటికి ఐదు నుంచి పది పాళ్లు తెలుపు కలిపితే చిన్న నమూనా మీద అది సహజంగా కనిపిస్తుంది. తేమ ఎక్కువ ఉన్న రోజుల్లో తిన్నర్ ఆవిరై రంగు పాలిపోతుంది కనుక ఉదయపు మంచులోను, వాన ముందు ఉక్కలోను రంగు వేయించకండి. బాడీ మీది చక్రపు గుర్తులో బయటి వలయం కాషాయం, మధ్యది తెలుపు, లోపలి వృత్తం ఆకుపచ్చ. వినైల్ మాస్కులు కోసి ముందు మొత్తం వృత్తానికి తెలుపు, తర్వాత కాషాయం, చివర ఆకుపచ్చ వేస్తే కింది రంగు పైకి తేలదు. మాస్కులను రంగు పూర్తిగా ఆరకముందే, వెనక్కి మడిచి లాగితే అంచు చిరగదు.

అన్నీ అమర్చాక, హబ్ కింద రెండు వేళ్లతో హెలికాప్టర్‌ను ఎత్తి పట్టుకుని గరిమనాభి చూడండి. ముక్కు అతి కొద్దిగా కిందికి వాలితే మంచిది, తోక వాలితే బ్యాటరీని ముందుకు జరపండి. అప్పటికీ చాలకపోతే సీసం ముక్కలు చేర్చడం కన్నా తోక రెక్కలను ఇంకా తేలికగా మళ్లీ చేయడమే సరైన మార్గం. ల్యాండింగ్ గేరు 4 మిల్లీమీటర్ల పియానో వైరుతో చేసి, దెబ్బ బాడీ పైపొర మీద కాక బిర్చ్ తట్టు మీద పడేలా బిగించి ఉండాలి.

ఎగరేసే చోటును కేంద్ర ప్రభుత్వపు డిజిటల్ స్కై పటంలో చూసుకోండి. అభిరుచి కోసం చేసిన నమూనాకు కూడా గగనతల నియమాలు వర్తిస్తాయి. బాడీ తొడిగాక గైరో గెయిన్ (గైరో స్పందన తీవ్రత) ఒక మెట్టు తగ్గించి మొదలుపెట్టండి, కంపనం లేకపోతే తర్వాత పెంచవచ్చు. చక్రాల మీద నిలిపి రోటర్ వేగం పెంచేటప్పుడు బాడీ పక్కలకు ఊగడం మొదలైతే వెంటనే పైకి లేపండి, లేదా పూర్తిగా ఆపేయండి. ఆ ఊపు మధ్యలో ఆలోచిస్తూ నిలబడితే నేల మీదే విరిగిపోతుంది. బ్లేడు బోల్టులు మూడూ ఒకే బిగువులో ఉన్నాయో లేదో అప్పుడు చూడాలి. ఎగిరాక గాలిలో స్థిరంగా నిలిపినప్పుడు హెలికాప్టర్ కొద్దిగా కుడికి వాలి ఉంటుంది. తోక రోటర్ ఎడమకు నెట్టే బలాన్ని ప్రధాన రోటర్ ఎదుర్కోవడమే దీనికి కారణం, కనుక దించేటప్పుడు కుడి చక్రం ముందు నేల తాకడం సహజం. మొదటి మూడు విడతలూ నాలుగు నిమిషాలకు మించకుండా ఎగరేసి, ప్రతిసారీ పైమూత తీసి మోటారు, దాని వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీ వేడిని చేత్తో తాకి చూడండి. బూమ్ క్యాబిన్‌కు కలిసే చోట, గేరు కాళ్ల చుట్టూ రంగులో వెంట్రుక మందం పగుళ్లు వచ్చాయేమో భూతద్దంతో వెతకండి. పగులు కనిపిస్తే రంగు పూసి కప్పకుండా, లోపలి వైపు నుంచి 48 గ్రాముల గుడ్డ ముక్క వేసి గట్టిచేశాకే నాలుగో విడత ఎగరేయండి.